గ్రౌండ్, ఎర్త్, సాయిల్, ల్యాండ్, రాక్, స్టోన్: ఏ మాటకు తెలుగులో ఏం రాయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. భూపాలపల్లి వైపు రైతులకు అందించవలసిన బోరుబావుల కరపత్రాలను, భూసార పరీక్షల నివేదికలను మీరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాస్తున్నారు. గ్రౌండ్, ఎర్త్, సాయిల్, ల్యాండ్, డర్ట్, రాక్, స్టోన్ అనే మాటలు వాటిలో పేజీ పేజీకీ ఎదురవుతున్నాయి. నేల, భూమి, మట్టి, రాయి అనే నాలుగు మాటలతోనే వాటన్నిటినీ నెట్టుకొస్తున్నారు. ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో తెలుగు మాట ఖాయం చేసి పట్టిక రాసివ్వమని అడిగారు. చివర ఒక బోరు నివేదికలోని వాక్యాన్ని కూడా ఉదాహరణగా ఇచ్చారు.

సూటిగా చెబుతాను: అలాంటి పట్టిక పెట్టుకోవద్దు. ఆ వాక్యంలో మనిషి ఆ నేలతో ఏ పని చేస్తున్నాడో ముందుగా చూసి, ఆ పనికి మన ఊళ్లలో వాడే మాటను రాయండి. దాని మీద నిలబడుతున్నాడా, దున్నుతున్నాడా, కొంటున్నాడా, తవ్వుతున్నాడా, కరెంటు తీగ పాతుతున్నాడా, జల్లెడ పట్టి కొలుస్తున్నాడా అనేదాన్ని బట్టి ఒకే ఇంగ్లీషు మాట ఐదారు తెలుగు మాటలవుతుంది. పైగా మీ దగ్గర నాలుగే మాటలున్నాయన్న లెక్క కూడా సరి కాదు. చెలక, దుబ్బ, రేగడి, చౌడు, మొరం, పూడిక, ఒండ్రు, జాగ, పొలం, శిఖం, గుట్ట, బండ, గుండు, కంకర, పలుగురాయి అన్నీ మీ ఊళ్లో రోజూ వినే మాటలే. అవి ఇంగ్లీషు పత్రం పక్కన పెట్టుకున్నప్పుడు గుర్తుకు రాకపోవడం వల్లనే కొరత ఉన్నట్టు అనిపిస్తుంది.

నేను హనుమకొండలో కొన్నేళ్లు డిగ్రీ విద్యార్థులకు భూగర్భ శాస్త్రం బోధించి, ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా సాగునీటి, వ్యవసాయ పత్రాలను అనువదిస్తున్నాను. కింద చెప్పేదంతా ఆ పనిలో తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నది.

అన్నిటికంటే ముందు తెలుగులో ఉన్న ఒక విభజనను గమనించండి. కదలకుండా ఉన్నచోటనే ఉన్నదానికి ఒక మాట, చేతికి వచ్చినదానికి మరొక మాట మనకు ఉన్నాయి. కాలికింద ఉన్నంతసేపు అది నేల. పారతో ఎత్తి తట్టలో పోస్తే మట్టి. గుట్టలో అతుక్కుని ఉన్నంతసేపు అది బండ. పగిలి విడిపోతే రాయి. 'నేల దున్నాడు' అంటాము కాని 'మట్టి దున్నాడు' అనము. 'మట్టి ట్రాక్టర్లో తెచ్చాడు' అంటాము కాని 'నేల తెచ్చాడు' అనము. సాయిల్ అనే ఇంగ్లీషు మాటకు ఈ తేడా పట్టదు. అందుకే ఒకే నివేదికలో సాయిల్ అన్న మాట కనిపించినప్పుడు, చేనులో ఉన్నదాని స్వభావం గురించి అయితే నేల అని, సంచిలో వేసి పంపిన నమూనా గురించి అయితే మట్టి అని రాయాలి. భూసార పరీక్ష అన్న మాట ఎలాగూ స్థిరపడింది కాబట్టి దాన్ని మార్చవద్దు.

ఇక గ్రౌండ్ సంగతి. మిమ్మల్ని ఎక్కువగా తికమకపెట్టేది ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. పాత ఇంగ్లీషులో దీని అసలు అర్థం అడుగు, పునాది. ఓడ అడుగు ఇసుకను తాకి ఆగిపోవడానికీ, కాఫీ గ్లాసు అడుగున మిగిలే మడ్డికీ, న్యాయస్థానంలో ఒక వాదనకు ఆధారమైన హేతువులకూ ఈ మాటే వాడటానికి కారణం అదే. కింద ఉండి పైదాన్ని మోసేది గ్రౌండ్ అని మనసులో పెట్టుకుంటే, అప్పీలు పత్రంలో గ్రౌండ్స్ అని చూసినప్పుడు మైదానాలు అని రాయరు. ఆధారాలు అనో, కారణాలు అనో రాస్తారు. మసాలా పొట్లం మీద ధనియాలకు ముందు కనిపించే గ్రౌండ్ మాత్రం వేరే మాట. అది గ్రైండ్ అనే క్రియకు భూతకాల రూపం, అంటే పొడి చేసినది అని అర్థం. రెండింటికీ అక్షరాలు కలిశాయి తప్ప చుట్టరికం లేదు. యంత్రం చేసిన ఒక అనువాదంలో 'నేల ధనియాలు' అని రావడం నేను స్వయంగా చూశాను.

మన కార్యాలయాల్లో ఈ మాటకు ఇంకొక అర్థం పుట్టింది. ఏదైనా రుణ పథకంలో యూనిట్ల గ్రౌండింగ్ పూర్తయిందంటే, లబ్ధిదారు చేతికి గేదెనో, కుట్టు మిషనో, ఆటోనో వచ్చి పని మొదలైందని అర్థం. విమానాన్ని గ్రౌండ్ చేశారంటే మాత్రం ఎగరకుండా ఆపేశారని అర్థం. ఒకే క్రియ ఒకచోట ప్రారంభం, మరొకచోట నిలుపుదల. మొదటిదానికి 'యూనిట్ల స్థాపన' అని, రెండవదానికి 'విమానాల నిలిపివేత' అని రాస్తే ఎవరికీ సందేహం రాదు.

మీ పత్రాల్లో తరచుగా వచ్చేది గ్రౌండ్ లెవెల్. దీనికి నేలమట్టం అని రాస్తున్నట్టు చెప్పారు. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కాని 'ఇల్లు నేలమట్టమైంది' అన్న వాడుక మన పాఠకుడి చెవిలో బలంగా ఉంది. 'మోటారు నేలమట్టానికి అరవై మీటర్ల కింద ఉంది' అన్న వాక్యం దగ్గర చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. 'భూమి పైభాగం నుంచి అరవై మీటర్ల లోతున' అని రాయండి. గ్రౌండ్ వాటర్‌కు భూగర్భ జలం అన్నది అందరికీ తెలిసినదే, అదే ఉంచండి.

మీ ప్రాంతం బొగ్గుగనులది కాబట్టి ఒక హెచ్చరిక కూడా చేయాలి. గనుల భద్రతా పత్రాల్లో గ్రౌండ్ అంటే కాలి కింద ఉన్నదే కానక్కరలేదు. గని తవ్వకం చుట్టూ, ముఖ్యంగా నెత్తిమీద ఉన్న రాతి పొరలకు కూడా ఆ మాటే వాడతారు. గ్రౌండ్ కంట్రోల్ అంటే పైకప్పు కూలకుండా, పక్కగోడలు ఒరిగిపోకుండా చూసుకునే శాస్త్రం. 'బ్యాడ్ గ్రౌండ్' అన్నదాన్ని 'చెడ్డ నేల' అని రాస్తే కార్మికుడు కిందికి చూస్తాడు. ప్రమాదం ఉన్నది పైన. అక్కడ 'పైకప్పు పొరలు బలహీనంగా ఉన్నాయి' అని విడమరచి రాయడం తప్పనిసరి. ప్రాణాలతో ముడిపడిన పత్రాల్లో మాట పొదుపు చేయకూడదని నా గట్టి నమ్మకం.

ఎర్త్ అన్న మాటకు గ్రహం, మట్టి, కరెంటు తీగను భూమిలోకి దించడం అనే మూడు ముఖ్యమైన అర్థాలున్నాయి. గ్రహం సంగతి చెప్పనక్కరలేదు. రెండవ అర్థానికి మన వరంగల్ కోట కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కోట ప్రాకారాలను ఇంగ్లీషు పుస్తకాలు ఎర్తెన్ ర్యాంపార్ట్, స్టోన్ వాల్ అని రాస్తే, ఇక్కడివారు తరతరాలుగా మట్టికోట, రాతికోట అంటున్నారు. ఒక పర్యాటక కరపత్రం ముసాయిదాలో ఆ మొదటిదాన్ని 'భూ ప్రాకారం' అని రాసి ఉండటం చూసి నేను కొట్టివేశాను. చెరువు కట్టలకు వాడే ఎర్త్‌వర్క్ కూడా మట్టిపనే.

మూడవ అర్థంలో బ్రిటన్ వారు, వారిని అనుసరించి మనమూ ఎర్త్ అంటే, అమెరికా వారు గ్రౌండ్ అంటారు. మోటారు స్టార్టర్ డబ్బా వెంట వచ్చే పుస్తకం ఏ దేశంలో తయారైందో చూసుకోండి. రెండూ ఒకటే. రైతుకు 'ఎర్తింగ్' అనే మాట తెలుసు కాబట్టి దాన్నే ఉంచి, 'మోటారుకు, స్టార్టరుకు తప్పకుండా ఎర్తింగ్ చేయించాలి' అని రాయండి. భూసంపర్కం వంటి మాటలు కల్పించి రాస్తే, ఆ పని చేయవలసిన ఎలక్ట్రీషియన్‌కు కూడా అర్థం కాదు. ఎర్త్ మన భాషలో ఎంతగా కలిసిపోయిందంటే, 'పదవికి ఎర్త్ పెట్టారు' అని పత్రికలు మామూలుగా రాస్తున్నాయి.

రేర్ ఎర్త్స్ అన్న మాట కూడా ఇప్పుడు వార్తల్లో తరచుగా వినిపిస్తున్నది. అవి 17 మూలకాలు. మట్టికీ వాటికీ నేరుగా సంబంధం లేదు. నీటిలో కరగని, వేడికి చెక్కుచెదరని ఆక్సైడ్లను పూర్వపు రసాయన శాస్త్రజ్ఞులు ఎర్త్ అని పిలిచినందువల్ల ఆ పేరు నిలిచిపోయింది.

ల్యాండ్ అంటే హక్కు ఉన్న నేల. ఈ మాట కనిపించగానే వెనుక ఒక యజమాని, ఒక హద్దు, ఒక సర్వే నంబరు ఉంటాయని అనుకోండి. 2013 నాటి భూసేకరణ చట్టంలో ల్యాండ్ నిర్వచనం చదివితే, ఆ భూమి వల్ల కలిగే ప్రయోజనాలు, ఎర్త్‌కు అంటిపెట్టుకుని ఉన్న వస్తువులు, వాటికి శాశ్వతంగా బిగించి ఉన్న వస్తువులు కూడా అందులో చేరతాయని ఉంటుంది. 1894 నాటి పాత చట్టంలోనూ ఇదే నిర్వచనం. ల్యాండ్, ఎర్త్ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. రెండింటికీ భూమి అని రాస్తే 'భూమి అంటే భూమికి అంటుకున్నవి కూడా' అన్న అయోమయం వస్తుంది. మొదటిదానికి భూమి, రెండవదానికి నేల అని రాస్తే, 'నేలలో పాతుకున్న చెట్టు, కట్టిన బావి కూడా భూమి లెక్కలోకి వస్తాయి' అని రైతుకు స్పష్టంగా తెలుస్తుంది. పరిహారం ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇది పండితుల చర్చ మాత్రమే కాదు.

వెట్ ల్యాండ్, డ్రై ల్యాండ్ అన్నచోట తడి భూమి, పొడి భూమి అని రాయవద్దు. మన పాత పహాణీల్లో, అంటే రెవెన్యూ వారి భూమి రికార్డుల్లో, తరి, ఖుష్కి అనే మాటలున్నాయి. మాగాణి, మెట్ట అన్నా అర్థమవుతుంది. మామూలు మాటల్లో పొలం అంటే మనకు వరి మడి. ఆంధ్ర జిల్లాల్లో పొలం అంటే ఏ సాగు భూమి అయినా కావచ్చు. అక్కడ ముద్రించిన పుస్తకం నుంచి 'పత్తి పొలం' అని తెచ్చి రాస్తే మన రైతు తప్పు పట్టడు కాని, తనదైన మాట కాదని గుర్తిస్తాడు. పత్తి చేను, చెలక అని రాయండి. చెరువు లోపలి భూమి శిఖం, పశువుల మేత భూమి బంచరాయి, ఇల్లు కట్టుకునేది జాగ. చెన్నై నుంచి వచ్చిన పత్రంలో 'రెండు గ్రౌండ్లు' అని ఉంటే అది మైదానం కాదు; అక్కడ 2,400 చదరపు అడుగుల స్థలాన్ని ఒక గ్రౌండ్ అంటారు. మనకు గజాలు, 121 గజాలకు గుంట, 40 గుంటలకు ఎకరం.

సాయిల్ విషయంలో అసలు చిక్కు వ్యవసాయ శాస్త్రానికీ, సివిల్ ఇంజినీరింగుకూ మధ్య ఉంది. వ్యవసాయ శాస్త్రజ్ఞుడికి సాయిల్ అంటే వేళ్లు పాకే, సారం ఉన్న పై పొర. ఇంజినీరుకు సాయిల్ అంటే బండ తగిలేదాకా ఉన్నదంతా. పది మీటర్ల లోతున పంటకు ఏ మాత్రం పనికిరాని మట్టి కూడా అతని లెక్కలో సాయిల్. ఇద్దరి కొలతలూ వేరు. మన దేశపు ఇంజినీరింగ్ ప్రమాణాల్లో 0.002 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువు క్లే, అక్కడి నుంచి 0.075 దాకా సిల్ట్, 4.75 దాకా శాండ్, 80 దాకా గ్రావెల్, 300 దాకా కాబుల్, ఆపైన బౌల్డర్. వ్యవసాయంలో ఎక్కువగా వాడే అమెరికా పద్ధతిలో సిల్ట్ 0.05 దగ్గర, శాండ్ 2 దగ్గర ఆగిపోతాయి. అంటే 3 మిల్లీమీటర్ల గింజ ఒకరికి ఇసుక, మరొకరికి గ్రావెల్. 0.06 మిల్లీమీటర్ల రేణువు ఒకరికి సిల్ట్, మరొకరికి ఇసుక. నివేదిక ఏ శాఖ నుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఈ మాటలను ముట్టుకోవద్దు.

సిల్ట్ గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 2015లో తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీస్తున్న రోజుల్లో, ఆ మట్టిని చేలకు తోలుకోమని చెప్పే ఒక పత్రాన్ని తెలుగులోకి రాశాను. ట్యాంక్ సిల్ట్ అన్నచోట, పాఠ్యపుస్తకం అలవాటు కొద్దీ 'ఒండ్రు' అని రాశాను. పరకాల వైపు ఒక పెద్దాయన చదివి, "ఒండ్రు వాగు తెచ్చేది, ఇది చెరువుల పూడిక కదా బిడ్డా" అన్నారు. ఆయన మాటే సరైనది. పైగా శాస్త్రపరంగా కూడా ఆయనదే న్యాయం: చెరువు అడుగున చేరేదాంట్లో చాలా భాగం సిల్ట్ కొలతకంటే సన్నని బంకమన్ను. ఎర్రని చెలకల్లో, ఇసుక పాలు ఎక్కువైన దుబ్బ నేలల్లో అది నీటిని పట్టి ఉంచేది అందుకే. ఇంగ్లీషులో సిల్ట్ అన్న మాటకు నీటి అడుగున పేరుకున్నది అని ఒక అర్థం, ఫలానా కొలత రేణువు అని మరొక అర్థం. మొదటిదానికి పూడిక మట్టి అనండి. రెండవదానికి ప్రయోగశాల నివేదికలో సిల్ట్ అనే రాసి, 'ఇసుకకంటే సన్నని, బంకమన్ను కంటే మోటు రేణువులు' అని ఒకసారి వివరించండి.

నల్లరేగడికి ఇంగ్లీషు పుస్తకాల్లో రెగర్ అని కనిపిస్తే కొత్త మాట అనుకోవద్దు. మన రేగడి నుంచే అది వెళ్ళింది. బ్లాక్ కాటన్ సాయిల్ అన్నా అదే. 'నల్ల పత్తి నేల' అని మాత్రం రాయవద్దు, నల్లగా ఉన్నది నేల, పత్తి కాదు.

డర్ట్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అమెరికా వారు మామూలు మట్టిని కూడా డర్ట్ అంటారు. డర్ట్ రోడ్డు అంటే మట్టి బాట, మురికి బాట కాదు. సాయిల్ అనే నామవాచకానికీ, మురికి చేయడం అనే అర్థమున్న సాయిల్ క్రియకూ మూలాలు వేరు. నైట్ సాయిల్ అంటే మాత్రం మనుషుల మలం. ఎరువుల పుస్తకంలో దాన్ని 'రాత్రి మట్టి' అని రాసినవారు ఉన్నారు.

రాక్, స్టోన్ దగ్గర మన విభజన చాలా వరకు పనిచేస్తుంది. ఉన్నచోట ఉన్నది రాక్, అంటే బండ. విడిపోయి చేతికి వచ్చినది, లేదా మనిషి చెక్కి వాడుకున్నది స్టోన్, అంటే రాయి. అయితే రెండు మినహాయింపులున్నాయి. అమెరికా వారు చేత్తో విసిరే చిన్న రాయిని కూడా రాక్ అంటారు. మనం కూడా ఇంట్లో పరిచే షాబాదు, తాండూరు పలకలను బండలు అంటాము. భూగర్భ శాస్త్రంలో రాక్ అంటే ఖనిజాలతోనో, ఇతర సహజ పదార్థాలతోనో ప్రకృతిలో ఏర్పడిన ఘనపదార్థం ఏదైనా. మీ ఊరి బొగ్గు కూడా ఆ లెక్కలో రాక్. అక్కడ శిల అని రాయాలి. 'బొగ్గు ఒక అవక్షేప శిల' అంటే చెల్లుతుంది. 'బొగ్గు ఒక బండ' అంటే చెల్లదు.

మన వరంగల్ నగరం పాత పేరులోనే ఈ మాట ఉంది. ఓరుగల్లు అంటే ఒంటి రాయి. సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. కల్లు అంటే రాయి అన్న పాత అర్థం ఒరగల్లులో, సన్నికల్లులో ఇంకా బతికి ఉంది. వడగళ్లలో ఉన్నదీ అదే. ఇంగ్లీషు వారు కూడా వడగళ్లను హెయిల్‌స్టోన్స్ అంటారు. ఇద్దరికీ ఆకాశం నుంచి పడిన మంచుగడ్డ రాయిలా తోచింది. మూత్రపిండాల్లో రాళ్ల దగ్గరా రెండు భాషలూ కలుస్తాయి. మామిడిపండు దగ్గర విడిపోతాయి, మనకు టెంక ఉంది. బ్రిటిష్ పత్రికలో ఎవరైనా పన్నెండు స్టోన్ల బరువున్నారని ఉంటే, ఒక స్టోన్ 14 పౌండ్లు, అంటే సుమారు 6.35 కిలోలు, లెక్కకట్టి 76 కిలోలని రాసేయండి.

వ్యాపారపు పేర్లతో జాగ్రత్తగా ఉండాలి. బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మేది శాస్త్రం ప్రకారం సాధారణంగా గ్రానైటే కాదు, డోలరైటో, గాబ్రోనో అనే వేరే నల్లని శిల అవుతుంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడిలో అద్దంలా నునుపు తేలిన నల్లని శిల్పాలను చూసి సందర్శకులు గ్రానైట్ అంటారు, అది డోలరైట్. గుడి కరపత్రంలో నేనైతే 'నల్లరాయి' అని రాస్తాను, అది ఎప్పటికీ తప్పు కాదు.

రోడ్డు పనుల్లో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది మెటల్. పగలగొట్టిన రాతి ముక్కలను ఇంగ్లీషులో రోడ్ మెటల్ అంటారు. లాటిన్‌లో దాని మూలపదానికి గని అని అర్థం. మన గుత్తేదారులు కూడా 'నలభై ఎంఎం మెటల్' అనే అంటారు. అది లోహం కాదు, కంకర. రెండవది ఆ కంకరే. ఇంగ్లీషు శాస్త్ర పుస్తకాల్లో కంకర్ అంటే రేగడి వంటి నేలల్లో ఏర్పడే సున్నపు గడ్డలు. నేల నివేదికలో కంకర్ ఉందని చదివి కంకర అని రాస్తే, రైతు క్రషర్ రాయి అనుకుంటాడు. 'సున్నపు గడ్డలు' అనండి. గ్రావెల్ కూడా ఇలాంటిదే: ఆంధ్ర పత్రికల్లో గ్రావెల్ అన్నచోట మనం మొరం అంటాము, ప్రయోగశాలలో అదే మాట కేవలం ఒక కొలత.

ఇప్పుడు మీరిచ్చిన వాక్యం. ఆరు మీటర్ల సాయిల్, దాని కింద తొమ్మిది మీటర్ల సాఫ్ట్ గ్రౌండ్, తర్వాత రాక్. రాక్ తగిలేదాకా కేసింగ్, అంటే బోరు గోడలు కూలకుండా దించే పైపు, వేయాలి, మోటారుకు ఎర్త్ ఇవ్వాలి అని ఉంది. మీరు 'ఆరు మీటర్ల నేల, తొమ్మిది మీటర్ల మెత్తని భూమి, తర్వాత రాయి' అని రాశారు. నేనైతే ఇలా రాస్తాను: 'పైన ఆరు మీటర్లు మట్టి, దాని కింద తొమ్మిది మీటర్లు మొరం, ఆ తర్వాత గట్టి బండ. బండ తగిలే వరకు కేసింగ్ పైపు దించాలి. మోటారుకు ఎర్తింగ్ చేయించాలి.' అయితే మొరం అన్నది నా ఊహ. గ్రానైటు బండ కుళ్ళి పొడిగా మారిన పొర అయితేనే ఆ మాట సరిపోతుంది. మీ వైపు ఇసుకరాయి పొరలు కూడా ఉన్నాయి కాబట్టి, అక్కడ సాఫ్ట్ గ్రౌండ్ అంటే మెత్తని ఇసుకరాయి కావచ్చు. ఈ ఒక్క మాట కోసం బోరు వేసినవారికి ఫోన్ చేసి, ఆ తొమ్మిది మీటర్లలో గొట్టం నుంచి ఏ రంగు పొడి బయటికి వచ్చిందో, చేత్తో నలిపితే ఎలా ఉందో అడిగి, ఆ తర్వాత రాయండి.